మందుల బీరువాలో ఒకే కుటుంబం: జీపీసీఆర్ పరిశోధన పాచిపెంట కొండలకు ఏమిచ్చింది, ఏమివ్వాలి

పార్వతీపురం మన్యం జిల్లాలోని పాచిపెంట మండలం గుండా సాలూరు నుంచి ఒడిశాకు ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. దిగువన చేలు, ఊళ్ళు. పైన కొండదొరలు, జాతాపులు, గదబలు ఉండే గూడేలు. ఇలాంటి మండలాల్లో జనానికి అందుబాటులో ఉండే మొదటి వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. అక్కడి మందుల బీరువాలో ఉండి తీరాల్సినవాటిని వరసగా చెప్పుకుందాం. పురుగుమందు తాగినవాళ్ళకు అట్రోపిన్. ఆయాసానికి సాల్బుటమాల్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్. ఒళ్ళంతా దద్దుర్లెక్కి ఊపిరాడనప్పుడు అడ్రినలిన్. ఎర్రతేలు కుట్టినప్పుడు ప్రజోసిన్. బీపీకి టెల్మిసార్టన్. దురదకు సెట్రిజిన్.

జబ్బులు వేరు, మందులు పుట్టిన దేశాలు వేరు, కాలాలు వేరు. అయినా ఈ ఏడూ శరీరంలో పట్టుకునేది ఒకే కుటుంబానికి చెందిన ప్రోటీన్లను. ఆ కుటుంబం పేరు జీ ప్రోటీన్ కపుల్డ్ రిసెప్టార్లు, పొట్టిగా జీపీసీఆర్‌లు. తెలుగులో గ్రాహకాలు అందాం. 2017లో వెలువడిన ఒక విస్తృత లెక్క ప్రకారం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందుల్లో 475, అంటే నూటికి 34, ఈ గ్రాహకాల మీదే పనిచేస్తాయి. మరే ప్రోటీన్ కుటుంబమూ వైద్యానికి ఇంతగా ఉపయోగపడలేదు.

ఈ పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది, ఏది తేలింది, ఏది ఇంకా వివాదంలో ఉంది, ఇందులో తెలుగు నేల పాలు ఎంత అన్నవి ఈ సమీక్షలో చూడాల్సిన ప్రశ్నలు. వాటన్నిటికీ వెనక మరో ప్రశ్న ఉంది. గ్రాహకం గురించి అణువు అణువూ తెలిసిన ఈ రోజుల్లో కూడా ఆ జ్ఞానం కొండమీది మనిషి దాకా ఎందుకు సగమే చేరుతోంది?

గ్రాహకం పనిచేసే తీరు

కణం చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటుంది. గ్రాహకం అనే ప్రోటీన్ గొలుసు, సూదీదారం గుడ్డను కుట్టినట్టు, ఆ పొరను ఏడుసార్లు దాటుతుంది. గొలుసు ఒక కొస కణం బయట ఉంటుంది, రెండో కొస లోపల. బయటి నుంచి హార్మోనో, నాడీ రసాయనమో, మందో వచ్చి తనకు సరిపడే గుంటలో కూర్చోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. పొరను దాటే ఏడు భాగాల్లో ఆరోది లోపలివైపు పక్కకు జరుగుతుంది. అడ్రినలిన్‌ను అందుకునే బీటా-2 గ్రాహకంలో ఈ జరుగుడు సుమారు 14 ఆంగ్‌స్ట్రామ్‌లని 2011లో తేలింది. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. ఆ కాస్త ఖాళీలోకి కణం లోపలున్న జీ ప్రోటీన్ వచ్చి చేరుతుంది, క్రియాశీలమవుతుంది, కబురును ముందుకు పంపుతుంది.

ఆ కబురును కణమంతటా మోసే చిన్న అణువుల్లో మొదట బయటపడింది సైక్లిక్ ఏఎంపీ. దాన్ని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచి. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందుల సందర్భంలోనే సుబ్బారావును తలుచుకోవడం మనకు అలవాటు. గ్రాహకాల కథలో కూడా ఆయన పేరు పునాది దగ్గరే ఉంది. కణం తన కబుర్లకు వాడుకునే ముడిసరుకును లోకానికి చూపించినవాళ్ళలో ఆయన ఒకరు.

మనిషిలో ఈ గ్రాహకాల జన్యువులు దాదాపు 800. అందులో సగం వాసన పట్టేవి. మిగిలినవి గుండె వేగం, రక్తపోటు, ఆకలి, నిద్ర, నొప్పి, కాన్పు నొప్పులు, చేదు రుచి, చూపు మొదలైన పనులు చూస్తాయి. మందు వీటి మీద మూడు రకాలుగా పనిచేయగలదు. గ్రాహకాన్ని ఉత్తేజపరచవచ్చు. సొంతంగా ఏమీ చేయకుండా ఆ చోటు ఆక్రమించి, ఇతర అణువులను రానివ్వకపోవచ్చు. ఏ అణువూ లేకపోయినా తనంతట తాను కొంత పనిచేస్తూ ఉండే గ్రాహకాన్ని పూర్తిగా అణచిపెట్టవచ్చు. సాల్బుటమాల్ మొదటి రకం. అట్రోపిన్‌ను చాలాకాలం రెండో రకంగా చెప్పుకున్నారు, కానీ తర్వాతి పరీక్షల్లో మూడో రకం గుణం కూడా కనిపించింది. దురదకు వాడే సెట్రిజిన్ మూడో రకం.

నూరేళ్ళ దారి

కణం మీద మందును పట్టే పదార్థం ఏదో ఉండాలని 1905లో కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ వాదించాడు. అడ్రినలిన్ ఒకచోట రక్తనాళాన్ని బిగించి మరోచోట సడలిస్తోందంటే గ్రాహకాలు రెండు రకాలుగా ఉండాలని 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. చాలామంది నమ్మలేదు. ఆ ఊహను నమ్మినవాడు జేమ్స్ బ్లాక్. గుండెలోని బీటా గ్రాహకాలను అడ్డుకునే ప్రొప్రనొలాల్‌ను 1960లలో తయారుచేశాడు. తర్వాత హిస్టమిన్ రెండో గ్రాహకాన్ని అడ్డుకునే సిమెటిడిన్ కూడా ఆయన పరిశోధన నుంచే వచ్చింది. 1988 నోబెల్ పంచుకున్నాడు. గ్రాహకాన్ని ఎవరూ కళ్ళతో చూడకముందే, దాని ప్రవర్తనను బట్టి మందులు చేయవచ్చని నిరూపించిన తరం అది.

తర్వాతి తరం దాన్ని చూడాలనుకుంది. 1986లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ బృందం బీటా-2 గ్రాహకం జన్యువును పట్టుకుంది. అది కంటిలో వెలుతురును పట్టే రొడాప్సిన్‌ను పోలి ఉండటంతో, ఇవన్నీ ఒకే కుటుంబమన్న అవగాహన అక్కడ మొదలైంది. జీ ప్రోటీన్ల పరిశోధనకు ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్ 1994లో నోబెల్ అందుకున్నారు. 2000లో రొడాప్సిన్ ఆకృతి, 2007లో బీటా-2 ఆకృతి, 2011లో జీ ప్రోటీన్‌ను పట్టుకుని ఉన్న బీటా-2 ఆకృతి వెలువడ్డాయి. 2012లో లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ వచ్చి వేగం పెంచింది. ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చాల్సిన పెద్ద తలనొప్పి తప్పింది. ఒకప్పుడు ఒక్క ఆకృతికి దశాబ్దాలు పట్టేది, ఇప్పుడు ఏటా డజన్ల కొద్దీ వస్తున్నాయి.

కొండ మొక్కలూ గ్రాహకాలూ

తూర్పు కనుమల మొక్కల్లో కొన్ని ఈ గ్రాహకాలను మనకంటే ఎంతో ముందు కనిపెట్టుకున్నాయి. తమను తినే జంతువుల నుంచి కాపాడుకోవడానికి మొక్కలు చేసుకున్న రసాయనాలు నేరుగా ఆ జంతువుల గ్రాహకాల మీదే పనిచేసేలా తయారయ్యాయి.

దూలగొండి సంగతి చూడండి. దాని కాయ మీది బంగారు రంగు నూగు ఒంటికి తగిలితే ఎంత దురదో పొదల్లో తిరిగిన ప్రతివాళ్ళకూ తెలుసు. మామూలు దద్దురుకు వేసుకునే మాత్ర ఈ దురదకు పెద్దగా పనిచేయదు. ఎందుకంటే ఆ మాత్ర హిస్టమిన్ గ్రాహకాన్ని ఆపుతుంది, దూలగొండి దురద హిస్టమిన్ దారిలో రాదు. ఈ ముడిని 2008లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో వేమూరి బి. రెడ్డి, ఈథన్ లెర్నర్ బృందం విప్పింది. నూగులో మ్యుకునైన్ అనే ఎంజైము ఉంది. అది చర్మంలోని పార్-2, పార్-4 అనే గ్రాహకాల తోకను కత్తిరిస్తుంది. తెగగా బయటపడిన కొస ముందుకు వంగి తన గ్రాహకంలోనే కూర్చుని దాన్ని ఉత్తేజపరుస్తుంది. బయటి అణువు అక్కర్లేకుండా, తన శరీర భాగంతోనే మేల్కొనే గ్రాహకం ఇది. ఎగ్జిమా లాంటి మొండి దురదల్లో కూడా ఇలాంటి దారులు ఉన్నాయన్న ఆలోచనకు ఈ పరిశోధన బలమిచ్చింది.

అదే దూలగొండి గింజలో ఎల్-డోపా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని ఆ గింజల నుంచి వేరుచేసి ప్రకటించారు. ఎల్-డోపా మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది. డోపమిన్ తన ఐదు గ్రాహకాలను తట్టి కదలికలను సరిచేస్తుంది. పార్కిన్సన్స్ జబ్బుకు ఇప్పటికీ ప్రధాన మందు అదే. మాత్రలు కొనలేని బీద రోగులకు గింజల పొడి పనికొస్తుందా అని బొలీవియాలో 18 మందితో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. తక్షణ ప్రభావం ఆశాజనకంగానే కనిపించింది. కానీ అంత చిన్న పరీక్షను చూసి ఎవరూ సొంత వైద్యానికి దిగకూడదు. గింజకూ గింజకూ మోతాదు మారుతుంది, వాంతులూ మానసిక గందరగోళమూ రావచ్చు.

ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్ జాతి రసాయనాలు మస్కరినిక్ గ్రాహకాలను మూసేస్తాయి. నోరెండటం, కనుపాపలు విచ్చుకోవడం, మతి చలించడం ఆ మూతపడటం వల్లే. అదే గుణం ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగినవాళ్ళకు ప్రాణం పోస్తుంది. ఆ విషం వల్ల ఒంట్లో ఎసిటైల్ కోలిన్ అనే నాడీ రసాయనం కుప్పపడి ఊపిరితిత్తుల నిండా నీరు ఊరుతుంది. అట్రోపిన్ ఆ గ్రాహకాలను మూసి ఊటను ఆపుతుంది. ఫలితం కనిపించే దాకా ప్రతి ఐదు నిమిషాలకూ మోతాదును రెట్టింపు చేస్తూ పోవడం ప్రామాణిక పద్ధతి. అయితే కండరాలను ఆడించే నికోటినిక్ గ్రాహకాలు ఈ కుటుంబానివి కావు, అట్రోపిన్ వాటిని తాకదు. అందుకే ఊటలు ఆగినా శ్వాస కండరాలు పడిపోయే రోగికి వెంటిలేటర్ కావాలి. కొండ దిగువన ఇంజెక్షన్ ఇచ్చి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి ఎందుకు పంపాలో ఈ ఒక్క తేడాతో బోధపడుతుంది.

నేలవేము చేదు నాలుక మీది చేదు గ్రాహకాలను తడుతుంది. మనిషికి అవి పాతిక దాకా ఉన్నాయి. అవే గ్రాహకాలు ఊపిరితిత్తుల గొట్టాల కండరాల మీద కూడా ఉన్నాయని, క్వినైన్, క్లోరోక్విన్ లాంటి చేదు పదార్థాలు ఆ కండరాలను సడలిస్తాయని 2010లో దీపక్ దేశ్‌పాండే, స్టీఫెన్ లిగెట్ బృందం చూపింది. ఎలుకల్లో ఫలితం బాగుంది. ఆస్తమాకు ఆ దారిలో ఆమోదం పొందిన మందు మాత్రం లేదు. నేలవేము కషాయం తాగితే ఆయాసం తగ్గుతుందని దీన్నిబట్టి చెప్పడం తప్పు.

అరకు కాఫీది మరో దారి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినొసిన్ పేరుకుని నిద్రమత్తు తెస్తుంది. ఈ అడినొసిన్ ఏటీపీ విరిగితే వచ్చేదే. కెఫీన్ వెళ్ళి అడినొసిన్ గ్రాహకాల్లో కూర్చుంటుంది, మత్తు తాత్కాలికంగా ఆగుతుంది. ఏ2ఏ గ్రాహకం ఆకృతి 2008లో తెలిసింది. అదే గ్రాహకాన్ని అడ్డుకునే ఇస్ట్రడిఫిలిన్‌ను పార్కిన్సన్స్ రోగులకు 2013లో జపాన్, 2019లో అమెరికా ఆమోదించాయి. గుండె రక్తప్రసరణ పరీక్షకు వాడే రెగడెనొసాన్ అదే గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆ పరీక్షకు ముందు కాఫీ మానమనేది అందుకే.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. కొండ మందులన్నీ ఈ గ్రాహకాల మీదే పనిచేస్తాయనుకోకూడదు. సర్పగంధ బీపీని దించే సంగతి ప్రపంచానికి తెలిసేలా 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో రాశాడు. అందులోని రిసర్పిన్ నాడీ రసాయనాలను సంచుల్లో దాచే రవాణా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. గిరిజన సహకార సంస్థ కొనే ముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్ గ్లైసిన్ అయాన్ ద్వారాలను మూసేస్తుంది. ఏ మొక్క ఏ దారిలో పనిచేస్తుందో పరీక్షించే దాకా ఎవరికీ తెలియదు.

తేలు కాటు, కాన్పు గది

గ్రాహకాల జ్ఞానం పల్లె వైద్యాన్ని ఎలా మార్చగలదో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఎర్రతేలు విషం నాడుల సోడియం ద్వారాలను తెరిచి ఉంచుతుంది. ఒంట్లో అడ్రినలిన్ జాతి రసాయనాలు వరదలా పారతాయి. అవి ఆల్ఫా-1 గ్రాహకాలను తట్టి రక్తనాళాలను బిగించేస్తాయి. గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి మనిషి పోతాడు. కొంకణంలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసే వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ వరసను రోగి పక్కనే కూర్చుని గమనించాడు. ఆల్ఫా-1 గ్రాహకాన్ని మూసే ప్రజోసిన్ అనే చవకైన బీపీ మాత్ర వాడి చూశాడు. 1986లో లాన్సెట్‌లో రాశాడు. నూటికి నలభై దాకా ఉన్న మరణాలు ఒకటికి దిగాయి. కొత్త అణువు కనిపెట్టలేదు, కొత్త ప్రయోగశాల కట్టలేదు. ఉన్న మందు ఏ గ్రాహకం మీద పనిచేస్తుందో తెలుసుకుని, తన ఊరి జబ్బుకు దాన్ని అన్వయించాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఆక్సిటోసిన్ కథ దీనికి రెండో వైపు. ఈ హార్మోన్‌ను 1953లో విన్సెంట్ డు విన్యో కృత్రిమంగా తయారుచేశాడు, 1955లో నోబెల్ పొందాడు. గర్భాశయ కండరం మీది ఆక్సిటోసిన్ గ్రాహకాన్ని అది తడితే గర్భాశయం ముడుచుకుని రక్తం ఆగుతుంది. బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఇంజెక్షన్ ఇవ్వాలన్నది ప్రపంచమంతటా నియమం. చిక్కల్లా ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచాల్సి రావడమే. కరెంటు పోయే చోట, ఐస్ పెట్టె కరిగే దారిలో, మందు బలం తగ్గిపోతుంది. సీసా చూస్తే ఆ సంగతి తెలియదు. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే మన్యంలో, అంత కష్టపడి చేర్చిన తల్లికి ఇచ్చే ఇంజెక్షన్‌లో సత్తువ ఉందో లేదో ఖాయంగా చెప్పలేని పరిస్థితి ఉండకూడదు.

దీనికి శాస్త్రం జవాబు చెప్పింది. అదే గ్రాహకాన్ని తట్టే కార్బెటోసిన్‌ను వేడిని తట్టుకునేలా తయారుచేశారు. 30 డిగ్రీల వద్ద కూడా కనీసం మూడేళ్ళు చెడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో భారత్‌తో సహా 10 దేశాల్లో దాదాపు 30 వేల మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని నివారించడంలో అది ఆక్సిటోసిన్‌కు తీసిపోలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కింది. నాలుక కింద పెట్టుకునే, చలువ అక్కర్లేని మిసోప్రొస్టాల్ మాత్ర ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాల మీద పనిచేస్తుంది, అవి కూడా ఈ కుటుంబానివే. ఆక్సిటోసిన్ గ్రాహకం ఆకృతి 2020లో తెలిసింది. తల్లి ప్రాణానికి మాత్రం ఆ ఆకృతి కంటే వేడిని తట్టుకునే సీసా ముందు అవసరం. పరిశోధనకు నిధులిచ్చేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే శ్రద్ధతో చూడాలి.

హైదరాబాద్ పాత్ర

తెలుగు నేల మీద ఈ శాస్త్రానికి నికరమైన చేర్పు హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) నుంచి వచ్చింది. అక్కడ అమితాభ చటోపాధ్యాయ బృందం దశాబ్దాల పాటు సెరొటోనిన్ 1ఏ అనే ఒక్క గ్రాహకాన్ని అంటిపెట్టుకుని పనిచేసింది. ఆందోళన, దిగులుతో సంబంధమున్న గ్రాహకమది. పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి దాన్ని సేకరించి, చుట్టూ ఉన్న పొరలోని కొలెస్టరాల్‌ను తీసేస్తే గ్రాహకం తన అణువును సరిగా పట్టుకోలేకపోతోందని, తిరిగి చేరిస్తే కోలుకుంటోందని 2004 నాటికే చూపించారు. గ్రాహకాన్ని ఒంటరి ప్రోటీన్‌గా చూడటమే అలవాటైన కాలంలో, అది బతికే కొవ్వు పొర కూడా దాని పనిలో భాగస్వామి అని వీళ్ళు పట్టుబట్టారు. 2021లో చైనా శాస్త్రజ్ఞులు క్రయో మైక్రోస్కోపీతో అదే గ్రాహకాన్ని చూసినప్పుడు, మందు కూర్చునే గుంట పక్కనే కొలెస్టరాల్ అణువులు కనిపించాయి. హైదరాబాద్‌లో జీవరసాయన పద్ధతిలో వేసిన అంచనాకు అలా ఆకృతి రూపంలో బలం చేకూరింది. దేశంలో మరోచోట, కాన్పూర్ ఐఐటీలో అరుణ్ కుమార్ శుక్లా బృందం, జీ ప్రోటీన్ లాగే గ్రాహకానికి వచ్చి చేరే అరెస్టిన్ ప్రోటీన్ల మీద చేస్తున్న పని ప్రపంచ స్థాయిలో నిలిచింది.

పరిశ్రమ వైపు చూస్తే, తెలుగు కంపెనీలు ప్రధానంగా ఇతరులు కనిపెట్టిన మందులను చవకగా తయారుచేసి పేరు తెచ్చుకున్నాయి. టెల్మిసార్టన్, లొసార్టన్, మెటొప్రొలాల్ లాంటి గ్రాహక మందులు పేదల చేతికి అందాయంటే ఆ తయారీదారుల కృషి ఉంది, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కొత్త అణువు కోసం ధైర్యం చేసినవాళ్ళు తక్కువ. అందులో హైదరాబాద్ కంపెనీ సువెన్ లైఫ్ సైన్సెస్ ముందుంది. సెరొటోనిన్ 6 గ్రాహకాన్ని అడ్డుకునే మసుపిర్డిన్‌ను అల్జీమర్స్ రోగుల మీద రెండో దశ పరీక్షకు తీసుకెళ్ళింది. అమెరికాలో 500 మందికి పైగా రోగులతో జరిగిన ఆ పరీక్ష జ్ఞాపకశక్తి విషయంలో అనుకున్న ఫలితం ఇవ్వలేదని 2019లో తేలింది. అదే గ్రాహకం మీద లుండ్‌బెక్, ఆక్సొవాంట్ కంపెనీల అణువులు కూడా అప్పటికే విఫలమయ్యాయి. సువెన్ ఆ వివరాలను మళ్ళీ పరిశీలించి, రోగుల్లో ఆందోళన, చిరాకు తగ్గిన సూచనలు చూసి, ఆ లక్ష్యంతో మూడో దశకు వెళ్ళింది. హిస్టమిన్ మూడో గ్రాహకం మీద పనిచేసే సమెలిసాంట్ అనే మరో అణువు పగటి నిద్ర జబ్బు మీద రెండో దశలో నెగ్గినట్టు 2023లో ప్రకటించింది. అంతిమ ఫలితం ఏదైనా, ఒక తెలుగు కంపెనీ తన సొంత అణువుతో పెద్ద పరీక్షలు నడిపిన అనుభవం ఈ నేలకు మిగిలింది.

తేలని వాదాలు

గ్రాహకం లోపలివైపు జీ ప్రోటీన్ ఒక్కటే కాదు, అరెస్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా వచ్చి చేరుతుంది. రెండు దారుల్లో మేలు చేసేదాన్ని మాత్రమే తెరిచే మందు చేయవచ్చని ఇరవై ఏళ్ళుగా పెద్ద ఆశ. మార్ఫిన్ జాతి మందుల్లో నొప్పి తగ్గడం జీ ప్రోటీన్ దారిలో, ఊపిరి మందగించడం అరెస్టిన్ దారిలో జరుగుతాయని ఎలుకల మీద చేసిన తొలి ప్రయోగాలు చెప్పాయి. ఆ సిద్ధాంతంతో వచ్చిన ఒలిసెరిడిన్‌కు 2020లో అమెరికాలో ఆమోదం దక్కింది. అదే ఏడాది వేర్వేరు ప్రయోగశాలలు ఆ పాత ఎలుకల ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదు. కొత్త మందులు కొంత సురక్షితంగా కనిపించడానికి కారణం అవి గ్రాహకాన్ని బలహీనంగా తట్టడమేనని మరో బృందం వాదించింది. ఇప్పటికి నా అంచనా: రెండు దారులున్నాయన్నది స్థిరపడిన సత్యం. ఏ దారి ఏ దుష్ఫలితానికి కారణమన్నది గ్రాహకానికో రకంగా ఉంటుంది, ఒకచోట దొరికిన జవాబును అన్నిటికీ అంటగట్టకూడదు.

రిమొనబంట్ మరో పాఠం. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో పట్టుకునే సీబీ1 గ్రాహకాన్ని 1990లో గుర్తించారు. దాన్ని అణచిపెడితే ఆకలి తగ్గుతుందన్న ఆలోచనతో వచ్చిన ఈ మందును 2006లో ఐరోపా ఆమోదించింది. బరువు తగ్గారు. కానీ కొందరిలో తీవ్రమైన దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో అమ్మకం నిలిచిపోయింది. ఒకే గ్రాహకం మెదడులో ఎన్ని పనులు చేస్తుందో పూర్తిగా తెలియకుండా దాన్ని మూసేస్తే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి సాగు, రవాణా ఉచ్చులో పడుతున్న యువకుల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుండాలి. ఎదిగే వయసు మెదడులో ఆ గ్రాహకం చాలా సున్నితమైన పనులు చూస్తుంది. కేసులతో పాటు చికిత్స, ఆసరా కూడా కావాలి.

బరువు, షుగరు మందుల్లో ఇప్పుడు పెద్ద పేరు సెమాగ్లూటైడ్. అది పనిచేసే జీఎల్‌పీ-1 గ్రాహకం కూడా ఈ కుటుంబానిదే. దాని భారత పేటెంట్ 2026 మార్చి దాకానే కావడంతో హైదరాబాద్ కంపెనీలు ముందునుంచే సన్నద్ధమయ్యాయి. ధర దిగితే కొండ దిగువ మధుమేహ రోగికి కూడా అది అందాలి.

మిగిలిన ఖాళీలు

మొదటి ఖాళీ విజ్ఞానంలోనే ఉంది. 2017 లెక్కలో మందులున్న గ్రాహకాలు 108 మాత్రమే. వాసన, రుచి, చూపు గ్రాహకాలను పక్కన పెట్టినా ఇంకా రెండు వందలకు పైగా తాకనివి ఉన్నాయి. వాటిలో దాదాపు వందకు ఏ అణువు కబురు తెస్తుందో కూడా తెలియదు.

రెండోది మనుషుల మధ్య తేడా. మందులు పట్టే గ్రాహకాల జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఎన్నో తేడాలున్నాయని, కొన్ని తేడాలు మందుకు స్పందనను మార్చగలవని 2018లో ఒక పెద్ద విశ్లేషణ చూపింది. అందులో వాడిన సమాచారంలో తూర్పు కనుమల గిరిజనుల వాటా లేనట్టే. జీనోమ్ ఇండియా పథకం దేశంలోని వివిధ సమూహాల నుంచి, గిరిజనులతో సహా, సుమారు 10 వేల మంది జన్యు సమాచారాన్ని సేకరించి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. సీసీఎంబీ అందులో భాగస్వామి. అది మంచి ఆరంభం. ఒక గూడెంలోని ఆయాసం రోగులకు సాల్బుటమాల్ ఎలా పనిచేస్తోందన్న సాదా ప్రశ్నను ఆ జన్యు సమాచారంతో జోడించి అడిగేవాళ్ళు రావాలి.

మూడోది హక్కు. కొండ మొక్కల గురించి తెలిసినవాళ్ళకు ఆ జ్ఞానం వల్ల వచ్చే లాభంలో వాటా ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. కేరళలో కాణి గిరిజనులు చూపిన మొక్కతో జీవని అనే మందు చేసినప్పుడు, తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ తనకొచ్చిన రుసుములో సగం వాళ్ళకు ఇచ్చింది. ఆ ప్రయత్నంలో లోపాలున్నా దారి చూపింది. పాచిపెంట కొండల్లోంచి ఏ ఆకో వేరో ప్రయోగశాలకు వెళితే, గ్రామసభ అనుమతి మొదటి కాగితం కావాలి, చివరిది కాకూడదు.

సమీక్ష సారం

గ్రాహకం ఒకటి ఉంటుందన్న ఊహ నుంచి దాని ప్రతి పరమాణువునూ చూసే దాకా శాస్త్రం 120 ఏళ్ళలో వచ్చింది. ఈ కాలంలో పేదవాళ్ళ ప్రాణాలను ఎక్కువగా కాపాడినవి ఖరీదైన ఆకృతి చిత్రాలు మాత్రమే కావు. ఉన్న మందును సరైన జబ్బుకు కలిపిన బావస్కర్ చూపు, చలువ అక్కర్లేని కార్బెటోసిన్, చవకగా తయారైన టెల్మిసార్టన్, ఐదు నిమిషాలకోసారి అట్రోపిన్ మోతాదు పెంచడం తెలిసిన నర్సు చేతులు కాపాడాయి. ఇవన్నీ గ్రాహకాల జ్ఞానమే, చేతికందే రూపంలో.

అందుచేత ఈ రంగానికి తర్వాతి ప్రశ్నలు కొండ నుంచి కూడా రావాలి. వేడిని తట్టుకునే ప్రసవ మందును మన్యంలోని ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ప్రభుత్వం సేకరించి ఇవ్వాలి. ఎర్రతేలు, పురుగుమందు కేసులకు ప్రజోసిన్, అట్రోపిన్ నిల్వలు ఏ రోజూ ఖాళీ కాకుండా చూడాలి. కొండ మొక్కల రసాయనాలను, అక్కడి ప్రజల ఒప్పుదలతో, సీసీఎంబీ లాంటి సంస్థలు గ్రాహకాల మీద పద్ధతిగా పరీక్షించాలి. గిరిజన విద్యార్థులు ఆ ప్రయోగశాలల్లో పరిశోధకులుగా ఉండాలి. జీపీసీఆర్ పరిశోధనకు పలు నోబెల్ బహుమతులు వచ్చాయి, ఇంకా వస్తాయి. దాని విలువను లెక్కగట్టే అసలు కొలత మాత్రం కాన్పు గదిలోనూ, తేలు కుట్టిన రాత్రి ఆరోగ్య కేంద్రంలోనూ ఎంతమంది బతికి ఇంటికి వెళ్ళారన్నదే.